మక్రూద్ పూర్ణానికి ఏ ఖర్జూరం తగినది?

ప్రశ్న:
ట్యునీసియాలోని కైరువాన్ నగరానికి పేరు తెచ్చిన మక్రూద్ అనే మిఠాయిని ఇంట్లో రెండుసార్లు చేశాను. రవ్వ పిండి నడుమ పెట్టిన ఖర్జూరపు పూర్ణం మొదటిసారి బిరుసెక్కింది. నీళ్ళు కలిపి మెత్తబరిస్తే రెండోసారి నూనెలోకి కారి మాడిపోయింది. నేను కొన్నది డెగ్లెత్ నూర్ రకం. లోపం కాయదా, నా పద్ధతిదా? అక్కడ ఒక్కో వంటకు ఒక్కో రకం ఎందుకు వాడతారో కూడా తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు:
కాయ మంచిదేనండీ, కాని పూర్ణానికి అనువైనది కాదు. ట్యునీసియాలోని తొజూర్, కెబిలి, అల్జీరియాలోని బిస్క్రా, తొల్గా ప్రాంతాలలో పండే డెగ్లెత్ నూర్‌లో తేమ తక్కువ. దాన్ని రెమ్మలతో సహా అమ్మి, పండుగానే తింటారు. అల్జీరియాలో పూర్ణానికి గర్స్ అనే మెత్తని రకాన్ని ఎంచుకొని, గింజ తీసి, గట్టిగా అదిమి ముద్దగా నిల్వ చేస్తారు. మక్రూద్‌కైనా, బ్రాజ్ అనే రవ్వ బిళ్ళలకైనా ఆ ముద్దే ఆధారం. మీ దగ్గరున్న కాయనే వాడదలిస్తే నీళ్ళు పోయకుండా ఆవిరి మీద మెత్తబరచి, వేడి తగ్గకముందే కొద్దిగా నూనె, దాల్చినచెక్క పొడి వేసి మెదపండి.

రెండవ జవాబు:
రకాలు అలా నిలిచి ఉండడానికి కారణం సాగులోనే ఉంది. మన ఈత చెట్టుకు దగ్గరి చుట్టమైన ఖర్జూరంలో ఆడ, మగ చెట్లు వేరు. గింజ నాటితే మొలకల్లో దాదాపు సగం మగవే అవుతాయి, ఆడవి కూడా తల్లి గుణాన్ని నిలుపుకోవు; అందుకే రైతు తల్లిచెట్టు మొదలు దగ్గర వచ్చిన పిలకలను వేరుచేసి నాటుతాడు, వసంతంలో చెట్టెక్కి మగపూల రెమ్మలను ఆడ పూగుత్తుల నడుమ దోపి కడతాడు. అయితే తోటంతా ఒకే రకమైతే తెగులు కూడా ఒకేసారి సోకుతుంది. మొరాకోలో బయూద్ అనే ఎండు తెగులు లక్షలాది చెట్లను బలిగొన్నది. ఎంతో మక్కువగా తినే మెజ్హూల్ రకం కూడా దానికి తట్టుకోలేదు. 1927లో ఆ రకం పిలకలు 11 అమెరికాకు చేరాయి. నేడు అక్కడ విరివిగా పండుతున్న మెజ్హూల్ తోటలకు మూలం అవే.

మూడవ జవాబు:
మిగిలిన డెగ్లెత్ నూర్‌ను, నెమ్మదిగా ఉడికించే తాజీన్ అనే గొర్రె మాంసపు కూరలో వేయండి. ఉల్లిపాయ, అల్లం, కుంకుమపువ్వు, దాల్చినచెక్కలతో మాంసం ఉడికిన తరువాత, చివరి పదిహేను నిమిషాలకు మాత్రమే కాయలు చేర్చాలి. మక్రూద్‌లో మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన గట్టిదనమే ఇక్కడ కాయను చెదరకుండా కాపాడుతుంది.