పిల్లి, కుక్కపిల్ల ఉన్న ఇంట్లో ఏ మొక్కలు ఉంచవచ్చు, ఏవి తీసేయాలి?

ప్రశ్న:
మా ఇంట్లో ఏడాది వయసున్న పిల్లి, నాలుగు నెలల కుక్కపిల్ల ఉన్నాయి. హాల్లో మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా, కలబంద కుండీలు, ప్రహరీ వెంట గన్నేరు, మెట్ల పక్కన సైకస్ పెరుగుతున్నాయి. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చే వయసు కావడంతో కుక్కపిల్ల అందిన ఆకునల్లా కొరుకుతోంది. నిన్న మనీ ప్లాంట్ ఆకు నమిలి చాలాసేపు చొంగ కార్చింది. పశువైద్యుడు చూసి భయం లేదన్నారు గానీ నా మనసు కుదుటపడలేదు. ఈ మొక్కలన్నిటినీ తీసేయాలా, కొన్నిటిని ఎత్తులో పెడితే చాలా?

జవాబు 1:
మీరు చెప్పినవన్నీ విషపు మొక్కలే అయినా, అన్నిటి ప్రమాదం ఒక్కటి కాదు. మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి; అవి నోట్లో గుచ్చుకుని మంట పుట్టించగానే జంతువు ఆకును వదిలేస్తుంది కాబట్టి ప్రాణం మీదికి రావడం అరుదు. కలబంద తొక్క కింద ఊరే పసుపు రసం వల్ల వాంతులు, విరేచనాలు కలుగుతాయి. ఈ మూడింటినీ పైన వేలాడదీస్తే కుక్కపిల్లకు అందవు, కానీ పిల్లికి ఎత్తు ఒక అడ్డు కాదు కనుక తలుపు వేసి ఉంచే గదిలోకి మార్చడం మేలు.

గన్నేరు సంగతి వేరు. ఆకు, పువ్వు, కొమ్మ, వేరు అన్నిటిలోనూ గుండె లయను దెబ్బతీసే ఒలియాండ్రిన్ ఉంటుంది. ఆకు ఎండినా విషం పోదు కాబట్టి, కత్తిరించిన కొమ్మలను పెరట్లో కుప్పగా వదలకండి, కాల్చకండి. ఆ పొగ కూడా హానికరమే. నేనైతే గన్నేరును, సైకస్‌ను ఆ ఇంట్లో ఉంచను.

జవాబు 2:
సైకస్ గురించి నా అనుభవం చెప్పాలి. మా కుక్క రాలిన సైకస్ గింజను కొరికి, ఆ రోజు రెండుసార్లు వాంతి చేసుకుని, మర్నాడు మామూలుగానే తిరగడంతో తగ్గిపోయిందనుకున్నాను. మూడో రోజుకు దాని పంటి చిగుళ్ళు పసుపుపచ్చగా మారాయి. గింజలో అధికంగా ఉండే సైకాసిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుందనీ, ఆ లక్షణాలు రెండు మూడు రోజుల తర్వాత బయటపడవచ్చనీ అప్పుడే తెలిసింది. చికిత్సతో బతికింది, కానీ మొదటి వాంతికే తీసుకెళ్ళవలసింది. దయచేసి లక్షణాల కోసం ఎదురుచూడకండి.

జవాబు 3:
మీ జాబితాలో లేని ఒక మొక్క మీ పిల్లికి వీటన్నిటికంటే ప్రమాదకరం కావచ్చు: అసలైన లిల్లీ, అంటే లిలియం జాతి. డే లిల్లీ కూడా అంతే. ఆకు ముక్క, ఒంటిమీద పడ్డ పుప్పొడిని నాకడం, పూలు ఉంచిన నీళ్ళు తాగడం, ఏదైనా సరే పిల్లి మూత్రపిండాలు ఒకటి నుంచి మూడు రోజుల్లో పాడైపోవచ్చు. 18 గంటల లోపు చికిత్స మొదలైతే కోలుకునే అవకాశం బాగుంటుంది. ఇక్కడ పేర్లు మోసం చేస్తాయి. మనం లిల్లీ అని పిలిచే నేల సంపెంగ ఈ జాతిది కాదు. పీస్ లిల్లీ కూడా కాదు, అది మనీ ప్లాంట్ లాగే నోటిమంట పుట్టిస్తుంది. సాగో పామ్ పేరుతో అమ్మే సైకస్ అసలు పామ్ కుటుంబానికే చెందదు, అరెకా పామ్ మాత్రం హానిలేనిది. అందుకే శాస్త్రీయ నామం చూసి కొనండి.

ఏదైనా తిన్నట్టు అనుమానం వస్తే నోట్లో మిగిలిన ముక్కలు తీసేసి, మొక్క కొమ్మనో ఫోటోనో తీసుకుని వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్ళండి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించవద్దు. ఆ ఉప్పే మరో విషమవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఈ వారమే గన్నేరు, సైకస్ తవ్వించేస్తాను. వాటి స్థానంలో ఏవి నాటవచ్చు?

జవాబు 1:
అరెకా పామ్, బోస్టన్ ఫెర్న్, స్పైడర్ ప్లాంట్ నిశ్చింతగా పెట్టుకోవచ్చు. పిల్లి కొరుక్కోవడానికి ఒక కుండీలో గోధుమ గడ్డి మొలిపించండి. తవ్వేటప్పుడు చేతితొడుగులు వేసుకుని, రాలిన ఆకులు, గింజలు పూర్తిగా ఏరేసే వరకు పిల్లినీ, కుక్కపిల్లనూ లోపలే ఉంచండి.