అప్‌డేట్: వానాకాలంలో స్టార్ట్ కాని పాత కార్బురేటర్ కారు

నా ప్రశ్న: విజయనగరంలో నెలరోజులు కదలకుండా ఉన్న 2004 మోడల్ కారు స్టార్ట్ కావట్లేదు, ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలే కారణమా? సగం అవును.

ముందు కొలిచి చూశాం. 100 మి.లీ. గాజు కొలజాడీలో 90 పెట్రోలు, 10 నీళ్లు పోసి, మూత బిగించి కుదిపి పావుగంట వదిలేస్తే కింది పొర 27 దగ్గర ఆగింది. అంటే 17 మి.లీ. ఇథనాల్ నీళ్లలోకి దిగింది, సుమారు 19 శాతం. పెట్రోలు సరైనదే.

తప్పు ట్యాంకులో ఉంది. మూత రబ్బరు పగిలి వాననీరు దిగింది. నీళ్లు ఎక్కువైతే ఇథనాల్ పెట్రోలును వదిలి నీళ్లతో అడుక్కి చేరుతుంది; పైపు పీల్చేదీ అడుగునుంచే. అడుగున లీటరు పైగా మసక ద్రవం వచ్చింది, అది వడగట్టినా పనికిరాదు.

ట్యాంకు కడిగి, ఫిల్టరు, మూత మార్చాం. మెత్తబడి ఉబ్బిన పైపుల స్థానంలో విటాన్ (ఇథనాల్‌ను తట్టుకునే ప్రత్యేక రబ్బరు) పైపులు వేశాం. మామూలు రబ్బరు మళ్లీ వేయడం దండగ. 500 కి.మీ. తర్వాత ఫిల్టరు మళ్లీ మార్చాలి, ఇథనాల్ పాత మడ్డిని కరిగించి తెస్తుంది.

మైలేజీ 15 నుంచి 14కి తగ్గింది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండొంతులే, కాబట్టి అది మామూలే. ఆ ఇథనాల్ సంకిలి చక్కెర మిల్లు చెరకుతో చేసిందా, బియ్యపు నూకలతో చేసిందా అన్నది ఇంజిన్‌కు అనవసరం.