ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో చేరడం: లాభమా, తలనొప్పా?

గుత్తికోట: అనంతపురంలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ఓపెన్ సోర్స్ (కోడ్ అందరూ చూసి మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టుల్లో పనిచేస్తే ఉద్యోగానికి పనికొస్తుందా? నాన్నగారి ఎరువుల దుకాణం లెక్కలకు కూడా అలాంటి సాఫ్ట్‌వేరే పెడదామనుకుంటున్నాను. ప్రమాదం ఏమైనా ఉందా?

బురుజు నీడ: కర్నూలులో మా కళాశాల గ్రంథాలయం కోహా అనే ఓపెన్ సోర్స్ గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. లైసెన్సుకు పైసా ఖర్చు లేదు. సర్వరు మొరాయించిన రోజు మాత్రం ఎవరికి ఫోను చేయాలో తెలియలేదు. ఉచితమని ఊదరగొట్టినవాళ్లు పత్తా లేరు.

ఏడురోడ్లు: ఫైళ్లను కుదించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌జెడ్ సంగతి అప్పుడే మరిచిపోయారా? జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి, నిర్వాహకుడి నమ్మకం సంపాదించి, దాని 5.6.0 వెర్షన్‌లో బయటివాళ్లు సర్వర్లలోకి చొరబడే దొంగదారి పెట్టారు. ముక్కూమొహం తెలియనివాళ్ల కోడ్ తీసుకుంటే ఇంతే.

తుంగభద్ర: 2024 మార్చిలో దాన్ని పట్టుకున్నది ఎవరు? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న సర్వరులోకి భద్రంగా వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమని తవ్వాడు. కోడ్ అందరికీ కనబడుతుంది కాబట్టే దొరికింది.

ఏడురోడ్లు: తెలియకపోతే ఊరుకోండి. దొంగదారిని తెరిచే ముక్క అందరూ కోడ్ చూసే గిట్ భండారంలో లేనే లేదు, విడుదల చేసిన టార్ ఫైలులోనే (ఫైళ్లన్నీ కట్టిన మూట) ఉంది. మిగతాది పరీక్ష ఫైళ్లలో దాచారు. ఎంతమంది చూసినా ఏం కనబడుతుంది? మీరు బడికి వెళ్లే రోజుల నుంచే నేను లినక్స్ సర్వర్లు నడుపుతున్నాను.

తుంగభద్ర: వయసు చెబితే వాదన గెలిచినట్టా? మూసిన కోడ్ అయితే ఆ అర సెకను కారణం ఇప్పటికీ తేలేది కాదు.

పెన్న గట్టు: 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’లో కంటికి కనబడని గుర్తొకటి చేరిన సందేశం వస్తే ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి. అది మూసిన కోడే. ఆపిల్ వాళ్ల ఐఓఎస్ 11.2.6 వెర్షన్ వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవలసి వచ్చింది.

ఏడురోడ్లు: ఐఫోన్ ఊసు ఎవరెత్తారు?

బురుజు నీడ: ఇంతకీ తెలుగు అనువాదాలు పంపితే చూసే దిక్కుందా? నేను పంపిన సవరణలు నెలల తరబడి పడి ఉన్నాయి. ఒకాయన వచ్చి కామాల గురించి పాఠం చెప్పి వెళ్లాడు, అంతే.

గుత్తికోట: అన్నా, దుకాణం సంగతి?

పెన్న గట్టు: జీఎస్టీ బిల్లు సరిగ్గా వస్తుందో లేదో ముందు పాత బిల్లులతో సరిచూడు తమ్ముడూ. రోజూ రాత్రి లెక్కల నకలు వేరే డిస్కులో పెట్టు. ఉద్యోగం మాట ఏడురోడ్లు గారిని అడుగు, సర్వర్లు నడుపుతున్నారు కదా.

ఏడురోడ్లు: ఎగతాళి చాలు. ఆ కుర్రాణ్ని నాకు సందేశం పెట్టమనండి.