పైపులైను కోసం పొలాల్లో తవ్వితే పాత సమాధులు ఎందుకు బయటపడతాయి?

ప్రశ్న: ఊళ్లకు దూరంగా నీటి పైపులకు తవ్వుతుంటే ఎముకలు, కుండపెంకులు దొరికాయని తరచూ చదువుతున్నాను. ఎవరూ లేని చోటికి అవెలా వచ్చాయి?

జవాబు: ఇప్పుడు లేరు గానీ ఒకప్పుడు ఉన్నారు కదండీ. ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో చిల్‌డ్రీ వారెన్ దగ్గర నీటి పైపుల పని కోసం తవ్వితే ఇనుప యుగం, రోమన్ కాలం నాటి 26 మంది అస్థిపంజరాలు, వాటితో పాటు కుండలు, జంతువుల ఎముకలు, ఒక దువ్వెన కూడా బయటపడ్డాయి, ఆ వార్త 2019లో వచ్చింది. అసలు ఆ పైపులు వేసింది లెట్‌కంబ్ వాగును కాపాడటానికి!

జవాబు: ఇంకో కారణం ఉంది. భవనానికైతే ఒక్కచోటే తవ్వుతారు, పైపులైను మాత్రం కిలోమీటర్ల కొద్దీ పొలాలకు అడ్డంగా పోతుంది, అంటే ఎవరూ వెతకాలనుకోని చోట్లు కూడా తెరుచుకుంటాయి. పైమట్టి జాగ్రత్తగా తీస్తే, ఎప్పుడో తవ్వి పూడ్చిన గుంటలు చుట్టూ ఉన్న మట్టికంటే వేరే రంగులో మచ్చల్లా కనిపిస్తాయి. నాకు ఇదే అన్నిటికన్నా ఆశ్చర్యంగా ఉంటుంది.

ప్రశ్న వేసినవారు: మరి పనివాళ్లకు కనిపిస్తే?

జవాబు: మెషీన్ ఆపేసి వెంటనే పైవాళ్లకు చెప్పాలి. దయచేసి చేత్తో తీయొద్దు. ఏ పొరలో, దేని పక్కన ఉందో తెలియకపోతే ఆ వస్తువు చెప్పగలిగే కథలో సగం పోయినట్టే.