టీడాప్ (ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింత దగ్గులకు కలిపి వేసే టీకా) ప్రతి గర్భంలోనూ అవసరమా? వేస్తే ఏ వారంలో?

మాయపొర: బిడ్డకు కోరింత దగ్గు టీకా 6 లేదా 8 వారాల దాకా మొదలే కాదు. చావులేమో ఎక్కువగా మూడు నెలల లోపే. ఆ ఖాళీలో తల్లి నుంచి మాయ దాటి వచ్చే ఐజీజీ అనే యాంటీబాడీలు తప్ప వేరే దిక్కు లేదు. పోయిన కాన్పులో వేయించుకున్నది ఇప్పుడు పనికిరాదు, ఆ యాంటీబాడీలు ఏడాదిలోనే బాగా పడిపోతాయి. కాబట్టి ప్రతిసారీ వేయాల్సిందే. 27–36 వారాల మధ్య, ఎంత ముందైతే అంత మంచిది.

వారాలలెక్క: 27 ఎందుకండీ? బ్రిటన్ 2012లో 28వ వారం నుంచి మొదలుపెట్టి, 2016లో 16కి దించింది కదా.

మాయపొర: యాంటీబాడీలు మాయ దాటడం 13వ వారం ప్రాంతంలో మొదలైనా, జోరందుకునేది ఆఖరి మూడు నెలల్లో. సూది పడ్డాక తల్లిలో అవి పూర్తిగా పెరగడానికి రెండు వారాలు కావాలి. 38లో వేస్తే బిడ్డకు చేరేలోపే కాన్పు అయిపోతుంది.

వారాలలెక్క: నేనడిగింది 38 గురించి కాదు. 29లోనే పుట్టేసే బిడ్డ గురించి. 28లో సూది వేస్తే ఆ బిడ్డకు దక్కేదేంటి?

టీకాఫ్రిజ్: సీసా గడ్డకట్టిందంటే ఏ వారమైనా ఒకటే బాస్. 2–8 డిగ్రీలు దాటనివ్వొద్దు. ఫ్రీజర్ గోడకు ఆనించి పెడితే టీకాకు బలం పెంచే అల్యూమినియం లవణం ఉండలు కడుతుంది. కరిగాక కుదిపి పెట్టినా గబగబా అడుక్కు దిగిపోతుంది. అలాంటిది పారేయడమే. బాగున్నదైనా కుదిపి, ఒకే తీరుగా తెల్లగా ఉంటేనే 0.5 మి.లీ. భుజం కండరంలోకి.

ఎదురుమాట: అంతా ఒకవైపే చెబుతున్నారు. తల్లి యాంటీబాడీలతో పుట్టిన పిల్లల్లో సొంత డోసుల తర్వాత కొలిస్తే కోరింత దగ్గు యాంటీబాడీలు తక్కువగా వస్తున్నాయి. దాని బదులు ఇంట్లోవాళ్లందరికీ వేస్తే పోలా?

మాయపొర: అందరూ వస్తారా? వచ్చినా, ఇప్పుడున్న కణరహిత టీకా (మొత్తం క్రిమితో కాక దాని ముక్కలతో చేసింది) జబ్బును ఆపుతుంది గానీ గొంతులో క్రిమి చేరడాన్ని గట్టిగా ఆపదు. బబూన్ కోతుల్లో ఇది తేలింది. దగ్గు లేనివాళ్లే బిడ్డకు అంటించగలరు. గర్భంలో వేస్తే బ్రిటన్‌లో మూడు నెలల లోపు పిల్లల్లో సుమారు 90 శాతం రక్షణ కనిపించింది. ఇంకేం కావాలి?

చుక్కమందు: జీబీఎస్, అదే కాన్పులో తల్లి నుంచి బిడ్డకు అంటే గ్రూప్ బి స్ట్రెప్ క్రిమి, దాని మాట ఎవరూ ఎత్తరేం?

వారాలలెక్క: దానికి ఆమోదం పొందిన టీకా లేదు. 36–37 వారాల్లో తల్లికి స్వాబ్ (పుల్లతో తీసే నమూనా) తీసి, క్రిమి ఉంటే నొప్పుల్లో పెన్సిలిన్ 50 లక్షల యూనిట్లు, ఆపైన 4 గంటలకోసారి 25–30 లక్షలు. అదీ మొదటి వారంలో వచ్చే జబ్బుకే. 7వ రోజు తర్వాత వచ్చేదాన్ని ఆపదు. ముందే పుట్టే బిడ్డకు ఆ వారాల స్వాబే అందదు. మళ్లీ నా ప్రశ్నే!

ఎదురుమాట: నా ప్రశ్న మాత్రం ఎగిరిపోయింది. యాంటీబాడీలు తగ్గడం నిజమా కాదా?

మాయపొర: నిజమే. దానివల్ల పెద్ద పిల్లల్లో జబ్బు పెరిగిందని తేలలేదు. ఇలా సగం సగం చెప్పి గర్భిణుల్ని బెదరగొట్టేది మీలాంటివాళ్లే.

ఎదురుమాట: అదీ అసలు సంగతి! టీకా వద్దని నేనెక్కడా అనలేదు. తగ్గుతుందని గర్భిణికి చెప్పకుండా చెయ్యి చాపమనడం మీదే నా గొడవ.

మాయపొర: చెబితే సగం మంది లేచి వెళ్లిపోతారు.

వారాలలెక్క: చెప్పే తీరులో చెబితే వెళ్లరు. "ఇది మొదటి రెండు నెలలకు. ఆపైన కాపాడేది బిడ్డ సొంత డోసులే, ఒక్కటీ ఆలస్యం చేయొద్దు." తగ్గుతుందన్న మాటకూ ఇందులోనే చోటుంది.

ఎదురుమాట: ఆ మాట కార్డు మీద రాయిస్తారా?

మాయపొర: కార్డు మీద చోటు లేదు.