ఒకే ప్రోగ్రాం రెండు వెర్షన్లు ఉన్నాయి, డబుల్ క్లిక్ చేస్తే పాతదే తెరుచుకోవాలి: ఎలా?

గీతలబల్ల అడిగిన ప్రశ్న:

విండోస్ 10 కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే ప్రోగ్రాం ఆటోక్యాడ్ 2017, 2021 రెండూ ఉన్నాయి. వాడుతున్న ప్లగిన్ (ఆటోక్యాడ్‌కి తగిలించే అదనపు ప్రోగ్రాం) 2017 కోసం తయారైన ఏఆర్‌ఎక్స్ ఫైలు, 2021లో లోడ్ కాదు. కాబట్టి డీడబ్ల్యూజీ ఫైలు (ఆటోక్యాడ్ డ్రాయింగ్) మీద డబుల్ క్లిక్ చేస్తే 2017 తెరుచుకోవాలి. అలాగని 2021 తీసెయ్యడం కుదరదు. బయటి నుంచి వచ్చే డ్రాయింగుల్లో కొన్ని 2018 ఫార్మాట్‌లో ఉంటాయి, వాటిని 2017 తెరవలేదు.

ఇప్పటికే చేసి చూసినవి: ఫైలు మీద రైట్ క్లిక్, ఓపెన్ విత్, చూజ్ అనదర్ యాప్, మోర్ యాప్స్, అట్టడుగున ఉన్న లుక్ ఫర్ అనదర్ యాప్ నొక్కి 2017 ఫోల్డర్‌లోని ఏక్యాడ్.ఈఎక్స్ఈని చూపించడం, ఎప్పుడూ దీన్నే వాడమని టిక్ పెట్టడం. ఎర్రర్ ఏమీ రాదు. కానీ తెరుచుకునేది మాత్రం 2021. లిస్టులో కూడా ఆటోక్యాడ్ అని ఒక్కటే ఉంటుంది, ఏ వెర్షనో రాసి ఉండదు.

2017ని చూపించినా విండోస్ ఎందుకు పట్టించుకోవడం లేదు? అప్పుడప్పుడు ఒక ఫైలుని 2021లో తెరవాలంటే డిఫాల్ట్ మార్చకుండా దగ్గరి దారి ఏదైనా ఉందా?

ఫైలుదారి జవాబు:

ఓపెన్ విత్‌లో బ్రౌజ్ చేసి చూపించిన ప్రోగ్రాంని విండోస్ దాని ఈఎక్స్ఈ పేరుతో గుర్తుపెట్టుకుంటుంది, అది ఉన్న ఫోల్డర్‌తో కాదు. చిక్కంతా ఇక్కడే ఉంది. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) అప్లికేషన్స్ అనే కీ, అంటే ఫోల్డర్ లాంటి అర, కింద ఒక్కో ఈఎక్స్ఈ పేరుకి ఒక్కటే నమోదు ఉంటుంది. రెండు ఆటోక్యాడ్‌లకీ ఆ పేరు ఏక్యాడ్.ఈఎక్స్ఈనే. ఆ పేరు కింద 2021 దారి (ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే చిరునామా) ముందే రాసి ఉంటే, మీరు 2017 ఫోల్డర్‌లోంచి చూపించినా విండోస్ కొత్త నమోదు చేయదు, ముందే ఉన్న 2021 నమోదునే ఎత్తుకుంటుంది. ఫోటోషాప్, బ్లెండర్ లాగా వెర్షన్ మారినా ఈఎక్స్ఈ పేరు మారని ప్రోగ్రాంలన్నిటికీ ఇదే తిప్పలు.

ఆటోక్యాడ్ విషయంలో ముందు డీడబ్ల్యూజీ ల్యాంచర్‌ని ప్రయత్నించండి. ఆటోక్యాడ్‌తో పాటే వచ్చే చిన్న ప్రోగ్రాం ఇది. డబుల్ క్లిక్ చేసిన ఫైలుని అందుకుని, అప్పటికే ఆటోక్యాడ్ నడుస్తుంటే అందులోకి పంపుతుంది. ఏదీ నడవకపోతే చివరిసారి వాడిన వెర్షన్‌ని తెరుస్తుంది.

1. ఆటోక్యాడ్‌లన్నీ మూసెయ్యండి. స్టార్ట్ మెనూ నుంచి 2017ని ఒకసారి తెరిచి, పూర్తిగా లోడ్ అయ్యాక మూసెయ్యండి.
2. ఏదైనా డీడబ్ల్యూజీ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. జనరల్ ట్యాబ్‌లో ఓపెన్స్ విత్ పక్కనున్న చేంజ్ నొక్కండి.
3. ఆటోక్యాడ్ డీడబ్ల్యూజీ ల్యాంచర్‌ని ఎంచుకుని ఓకే చేయండి.

లిస్టులో అది కనబడకపోతే సీ డ్రైవ్‌లో ప్రోగ్రాం ఫైల్స్, కామన్ ఫైల్స్, ఆటోడెస్క్ షేర్డ్, ఏసీషెల్ఈఎక్స్ ఫోల్డర్ దాకా వెళ్లి ఏసీల్యాంచర్.ఈఎక్స్ఈని చూపించండి. దీని పేరు ఏక్యాడ్ కాదు గనక ఇక్కడ ఆ పేర్ల గొడవ రాదు.

రెండో ప్రశ్నకి సెండ్ టు మెనూ సరిపోతుంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి షెల్:సెండ్‌టు అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే ఒక ఫోల్డర్ తెరుచుకుంటుంది. 2021 ఏక్యాడ్.ఈఎక్స్ఈకి షార్ట్‌కట్ చేసి, దానికి ఆటోక్యాడ్ 2021 అని పేరుపెట్టి ఆ ఫోల్డర్‌లో ఉంచండి. ఇక ఫైలు మీద రైట్ క్లిక్, సెండ్ టు, ఆటోక్యాడ్ 2021. షార్ట్‌కట్ నేరుగా ఫోల్డర్ దారిని పట్టుకుంటుంది కాబట్టి వెర్షన్ తారుమారు కాదు. విండోస్ 11లో అయితే సెండ్ టు కనబడాలంటే ముందు షో మోర్ ఆప్షన్స్ నొక్కాలి.

గీతలబల్ల:

ల్యాంచర్ పనిచేస్తోంది, ధన్యవాదాలు. కానీ సెండ్ టుతో ఒక ఫైలుని 2021లో తెరిచి మూసేశాక, తర్వాతి డబుల్ క్లిక్‌కి మళ్లీ 2021 వస్తోంది. చివరిసారి వాడినది అదే కాబట్టి అని అర్థమైంది. ఎన్నిసార్లు 2021 తెరిచినా డబుల్ క్లిక్ 2017కే వెళ్లేలా కట్టేయవచ్చా?

తాళంచెవి జవాబు:

కట్టేయవచ్చు. ఫైలుదారి గారు చెప్పిన ఆ ఒక్క నమోదులో ఉన్న దారిని మీరే మార్చాలి. అడ్మిన్ అనుమతి కూడా అక్కర్లేదు.

విండోస్ కీ, ఆర్ నొక్కి రెజ్‌ఎడిట్ తెరవండి. హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, క్లాసెస్, అప్లికేషన్స్, ఏక్యాడ్.ఈఎక్స్ఈ, షెల్, ఓపెన్, కమాండ్ అనే వరుసలో లోపలికి వెళ్లండి. ఏదైనా అంచె లేకపోతే రైట్ క్లిక్, న్యూ, కీ అని చేసుకోండి. ఉన్నట్లయితే మార్చే ముందు ఏక్యాడ్.ఈఎక్స్ఈ కీ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, తేడా వస్తే ఆ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే పాత విలువలు తిరిగొస్తాయి. ఇప్పుడు కమాండ్ కీలో డిఫాల్ట్ అన్న విలువ తెరిచి, 2017 ఏక్యాడ్.ఈఎక్స్ఈ పూర్తి దారిని కోట్స్‌లో రాసి, ఒక ఖాళీ వదిలి, "%1" అని రాయండి. %1 ఉన్న చోట మీరు డబుల్ క్లిక్ చేసిన ఫైలు దారి వచ్చి చేరుతుంది.

దారి తప్పు లేకుండా రావాలంటే షిఫ్ట్ పట్టుకుని ఆ ఈఎక్స్ఈ మీద రైట్ క్లిక్ చేసి కాపీ యాజ్ పాత్ నొక్కండి, కోట్స్‌తో సహా కాపీ అవుతుంది. %1 చుట్టూ కోట్స్ మరచిపోకండి. అవి లేకపోతే ఫోల్డర్ పేరులో ఖాళీ ఉన్న ప్రతి ఫైలు దారీ ముక్కలై ప్రోగ్రాంకి చేరుతుంది, ఫైలు దొరకలేదని ఎర్రర్ వస్తుంది. ఖాళీలు లేని ఫైళ్లు మాత్రం బాగానే తెరుచుకుంటాయి, అందుకే ఈ తప్పు వెంటనే దొరకదు.

హెచ్‌కీ క్లాసెస్ రూట్‌లో కూడా ఇదే నమోదు కనిపిస్తుంది. అది వేరే చోటు కాదు, కంప్యూటర్ మొత్తానికి ఉన్న నమోదులూ మీ ఒక్కరి లాగిన్‌కి ఉన్న నమోదులూ కలిపి చూపించే కిటికీ. రెండు చోట్లా ఒకే పేరు ఉంటే మీ లాగిన్‌దే నెగ్గుతుంది. పైన కరెంట్ యూజర్ కింద రాయమన్నది అందుకే.

తర్వాత డీడబ్ల్యూజీ ఫైలు ప్రాపర్టీస్‌లో చేంజ్ నొక్కి, ల్యాంచర్ బదులు ఈసారి ఏక్యాడ్.ఈఎక్స్ఈని చూపించండి.

ఇంటర్నెట్‌లో కొందరు యూజర్ చాయిస్ అనే కీని నేరుగా మార్చమంటారు. ఆ పని చేయకండి. విండోస్ 8 నుంచి ఆ కీలో ప్రోగ్రాం పేరు పక్కనే ఒక హాష్ (ఆ పేరుని బట్టి లెక్కకట్టిన సరిచూసే కోడ్) ఉంటుంది. చేత్తో పేరు మారిస్తే హాష్ సరిపోదు, విండోస్ మీ ఎంపికని చెల్లదని పక్కనపెట్టి డిఫాల్ట్‌ని రీసెట్ చేస్తుంది. ఎంపిక ఎప్పుడూ సెట్టింగ్స్ నుంచో ప్రాపర్టీస్ నుంచో చేయాలి, రిజిస్ట్రీలో మార్చాల్సింది ఆ ఎంపిక వెనకున్న దారిని మాత్రమే.

ఇందులో నష్టం కూడా ఉంది. ఏక్యాడ్.ఈఎక్స్ఈకి నేరుగా కడితే డబుల్ క్లిక్ చేసిన ప్రతి ఫైలుకీ కొత్త ఆటోక్యాడ్ మొదలవుతుంది. అయిదు డ్రాయింగులు తెరిస్తే అయిదు ఆటోక్యాడ్‌లు, మెమరీ అంతా వాటికే. 2021 అవసరం అరుదైతే నా ఓటు ల్యాంచర్‌కే. 2021 వాడిన తర్వాత 2017ని ఒకసారి తెరిచి మూస్తే చాలు.

పలకబలపం జవాబు:

డిఫాల్ట్ కన్నా ముందు సేవ్ ఫార్మాట్ చూసుకోండి, అసలు నష్టం అక్కడ జరుగుతుంది. 2021లో తెరిచిన ఫైలుని మామూలుగా సేవ్ చేస్తే అది 2018 ఫార్మాట్‌లోకి మారిపోతుంది, ఆ తర్వాత 2017 దాన్ని తెరవదు. 2013 నుంచి 2017 వరకు వచ్చిన ఆటోక్యాడ్‌లన్నిటిదీ 2013 ఫార్మాట్. 2021లో ఆప్షన్స్, ఓపెన్ అండ్ సేవ్ ట్యాబ్, సేవ్ యాజ్ దగ్గర ఆటోక్యాడ్ 2013 డ్రాయింగ్ అని పెట్టేస్తే పొరపాటున తప్పు వెర్షన్‌లో సేవ్ చేసినా ఫైలు 2017కి అందుతుంది.

ఫైలు ఏ ఫార్మాట్‌లో ఉందో తెరవకముందే తెలుసుకోవాలంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి ఆరు అక్షరాలు చూడండి. ఏసీ1027 అంటే 2013 ఫార్మాట్, ఏసీ1032 అంటే 2018. చూశాక సేవ్ చేయకుండా మూసెయ్యండి, నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే డ్రాయింగ్ పాడవుతుంది. ఫార్మాట్ మార్చడానికే 2021 తెరుస్తుంటే, ఉచితంగా దొరికే డీడబ్ల్యూజీ ట్రూవ్యూలో కన్వర్ట్ సదుపాయం ఉంది, ఎన్నో ఫైళ్లని ఒకేసారి మార్చుకోవచ్చు.

కొత్తపేజీ:

ఇదే చర్చలో అడుగుతున్నాను. వర్డ్ 2010, 2016 రెండూ ఉంటే? పైన చెప్పినట్టు అప్లికేషన్స్ కింద దారి మార్చాలా? ల్యాంచర్ లేని మిగతా ప్రోగ్రాంలకి ఏం చేయాలి?

ఫైలుదారి జవాబు:

వర్డ్‌కి వేరే కారణం ఉంది. వర్డ్ 2007 మొదలు ఏ వెర్షనైనా డాక్ఎక్స్ ఫైళ్లని వర్డ్.డాక్యుమెంట్.12 అన్న ఒకే పేరుతో నమోదు చేస్తుంది. పేరు ఒకటే, దాని వెనక ఒకే కమాండ్. చివరగా నమోదు చేసుకున్న వెర్షన్‌దే రాజ్యం. సెట్టింగ్స్‌లో వర్డ్ ఒక్కటే కనబడేది ఇందుకే.

2010ని ముందుకు తేవాలంటే వర్డ్ కిటికీలన్నీ మూసి, విండోస్ కీ, ఆర్ నొక్కి, ఆఫీస్14 ఫోల్డర్‌లోని విన్‌వర్డ్.ఈఎక్స్ఈ పూర్తి దారిని కోట్స్‌లో పెట్టండి. ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత, దాని వెంటే ఇంగ్లిష్ ఆర్ అక్షరం టైప్ చేయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎంటర్ కలిపి నొక్కితే అడ్మిన్‌గా నడుస్తుంది. వర్డ్ తన నమోదులు మళ్లీ రాసుకుని మూసుకుంటుంది. 2016ని తిరిగి ముందుకు తేవాలంటే, అది క్లిక్ టు రన్ పద్ధతిలో ఇన్‌స్టాల్ అయినదైతే కంట్రోల్ ప్యానెల్‌లో చేంజ్ నొక్కి క్విక్ రిపేర్ చేయాలి. అలాంటి రిపేర్ ఎప్పుడు చేసినా మీ 2010 అమరిక పోవచ్చు, మళ్లీ పెట్టుకోవాలి. రెండూ కొత్తగా వేసుకునేవారు పాత వెర్షన్ ముందు, కొత్తది తర్వాత ఇన్‌స్టాల్ చేయండి. ఔట్‌లుక్ మాత్రం రెండు వెర్షన్లు ఒకే కంప్యూటర్‌లో ఉండనివ్వదు.

ల్యాంచర్ లేని ప్రోగ్రాంలకి వేరే పేరున్న బ్యాచ్ ఫైలు (కమాండ్లు రాసి ఉండే చిన్న ఫైలు) చేసుకోండి. నోట్‌ప్యాడ్‌లో ఒకే వరుస: స్టార్ట్ అన్న కమాండ్, ఖాళీ, "" గుర్తు, ఖాళీ, కోట్స్‌లో ప్రోగ్రాం పూర్తి దారి, ఖాళీ, "%~1". దాన్ని బ్యాట్ ఎక్స్‌టెన్షన్‌తో, పేరులోనే వెర్షన్ తెలిసేలా సేవ్ చేసి, ఓపెన్ విత్‌లో దాన్నే చూపించండి. పేరు వేరు కాబట్టి నమోదూ వేరే. మొదట ఉన్న ఆ ఖాళీ కోట్స్ తీసెయ్యకండి. స్టార్ట్ కమాండ్ కోట్స్‌లో ఉన్న మొదటి మాటని కిటికీ శీర్షిక అనుకుంటుంది, అవి లేకపోతే మీ ప్రోగ్రాం దారే శీర్షికగా మారి ప్రోగ్రాం తెరుచుకోదు. %, 1 మధ్య ఉన్న ~ గుర్తు విండోస్ ముందే పెట్టిన కోట్స్‌ని తీసేస్తుంది, లేకపోతే కోట్స్ రెండింతలవుతాయి. తెరిచేటప్పుడు నల్ల కిటికీ ఒక్కసారి మెరిసి పోతుంది, అది మామూలే.

తాళంచెవి:

విండోస్ కాని వాటి గురించి కూడా. మ్యాక్‌లో ఫైలుని ఎంచుకుని కమాండ్, ఐ నొక్కి, ఓపెన్ విత్‌లో వెర్షన్ ఎంచుకుని చేంజ్ ఆల్ నొక్కాలి. రెండు వెర్షన్లకీ బండిల్ ఐడెంటిఫయర్ (యాప్‌ని సిస్టం గుర్తుపట్టే పేరు) ఒకటే అయితే సిస్టం సాధారణంగా కొత్తదాన్నే పట్టుకుంటుంది. అప్పుడు పాత యాప్‌ని డాక్‌లో ఉంచి ఫైలుని దాని మీదకి లాగడం నమ్మకమైన పద్ధతి.

లినక్స్‌లో ఒక్కో వెర్షన్‌కి ఒక్కో డెస్క్‌టాప్ ఫైలు (ప్రోగ్రాంని ఎలా తెరవాలో రాసి ఉండే చిన్న ఫైలు) ఉండాలి. హోమ్ ఫోల్డర్‌లో డాట్ లోకల్, షేర్, అప్లికేషన్స్ లోపల ఇప్పటికే ఉన్న డెస్క్‌టాప్ ఫైలుకి కాపీ చేసి, ఫైలు పేరూ నేమ్ వరుసా మార్చి, ఎగ్జెక్ వరుసలో ఆ వెర్షన్ పూర్తి దారి రాయండి. ఆ వరుస చివర శాతం గుర్తు, దాని వెంటే చిన్న ఎఫ్ తప్పకుండా ఉండాలి, లేకపోతే ఫైలు దారి ప్రోగ్రాంకి అందదు. అప్పుడు ఫైల్ మేనేజర్‌లో ప్రాపర్టీస్, ఓపెన్ విత్ దగ్గర రెండు వెర్షన్లూ విడివిడిగా కనిపిస్తాయి. కనబడకపోతే కాపీలో మైమ్‌టైప్ వరుస (ప్రోగ్రాం ఏ రకం ఫైళ్లని తెరుస్తుందో చెప్పేది) ఉందో లేదో చూడండి.