వాల్వ్ యాంప్లిఫయర్ శబ్దం నిజంగానే వేరా?

కావలి శ్రోత:
నాన్నగారు దాచిన ఘంటసాల రికార్డులు వినడానికి యాంప్లిఫయర్ కొనాలి. నెల్లూరులో ఒక దుకాణంలో ఈఎల్84 అనే రకం వాల్వులు, అంటే పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టాల్లాంటివి, ఉన్న చిన్న సెట్టు విన్నాను. గొంతు నిండుగా ఉంది. పక్కనే ఉన్న ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ ధర సగమే గానీ, అదే పాట పొడిగా వినిపించింది. ఇది వాల్వుల మహిమా, నా భ్రమా?

ఒంగోలు పాత మెకానిక్:
రెండూ కొంత కొంత. దుకాణదారు రెండింటి శబ్దాన్నీ సమానంగా పెట్టాడా? ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవి దానివైపే మొగ్గుతుంది. ముందు ఆ లెక్క తేలాలి.

ఛానెల్‌కు, అంటే ఒక్కో స్పీకరుకు, ఒకే ఈఎల్84 ఉంటే వచ్చేది 5 వాట్లు. ఆ పద్ధతిలో రెండో హార్మోనిక్ కాస్త కలుస్తుంది. అంటే పాడిన షడ్జానికి పై స్థాయి షడ్జం సన్నగా తోడవుతుంది. అది అపశ్రుతి కాదు గనుక నిండుదనంగా తోస్తుంది. అవే వాల్వులను జంటగా, ఒకటి నెడితే ఒకటి లాగే పుష్‌పుల్ పద్ధతిలో కడితే ఈ రెండో హార్మోనిక్ చాలావరకు రద్దయిపోతుంది. అందుకే ‘వాల్వు శబ్దం’ అని గంపగుత్తగా పొగిడేవారి మాట నేను నమ్మను.

అసలు తేడా తెలిసేది శబ్దం బాగా పెంచినప్పుడు. వాల్వు సెట్టు అలల కొనలను మెల్లగా వంచుతుంది. ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చే సంకేతంలో కొంత వెనక్కి పంపి తప్పులు దిద్దుకునే ఏర్పాటు) ఎక్కువగా ఉండే ట్రాన్సిస్టర్ సెట్టు హద్దు వరకు శుభ్రంగా పలికి, దాటిన మరుక్షణం కొనలను నరికేస్తుంది. పెళ్లి పందిరిలో డోలు దెబ్బకు మైకుసెట్టు గరగరలాడేది అందుకే. మామూలు శబ్దంలో మంచి సెట్లు రెండూ చాలా దగ్గరగా పలుకుతాయి. మృదంగం తొప్పి వైపు నాదం మాత్రం వాల్వు సెట్టులో కొంచెం వదులుగా రావచ్చు, స్పీకరు కోనుపై దానికి పట్టు తక్కువ.

అన్నట్టు, 1950ల నాటి రికార్డులైతే వాటిని తయారుచేసిన యంత్రాల్లోనూ వాల్వులే. ఆ తీపి కొంత రికార్డులోనే ఉంది.

చీరాల కుర్రవాడు:
వాల్వులు బాగా వేడెక్కుతాయి, రోహిణి కార్తెలో గదిలోకి ఇంకో కుంపటి ఎందుకండీ? ట్రాన్సిస్టర్‌ది కొని, మిగిలిన డబ్బు స్పీకర్లకు పెట్టండి.

కావలి శ్రోత:
మాస్టారూ, నా స్పీకర్ల మీద 86 డెసిబెల్ అని ఉంది. 5 వాట్లు చాలుతాయా?

ఒంగోలు పాత మెకానిక్:
ఒక వాటుకు మీటరు దూరంలో 86. 5 వాట్లకు మరో 7 కలిపి 93. చిన్న గదిలో పద్యాలకు చాలు, పెద్ద వాద్యబృందానికి చాలదు. ఆ స్పీకర్లే ఉంచుకుంటే చీరాల తమ్ముడి మాటే వినండి. వాల్వు సెట్టే కావాలంటే 90 దాటిన స్పీకర్లు వెతకండి. స్పీకరు తీగలు కలపకుండా స్విచ్ వేయవద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పాడైపోవచ్చు. మూత తీసి లోపల చేయి అసలు పెట్టవద్దు. ఆపేశాక కూడా విద్యుత్తును నిలవచేసే కెపాసిటర్లలో 300 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు.